నా కొంగుకు కుట్టిన పచ్చదారం

ఒక ఆదివారం సాయంత్రం, విడిచిన చీర మడతపెడుతుంటే మా ఆయన కొంగు అంచు పట్టుకుని ట్యూబులైటు కిందికి లాగారు.

"ఏటే ఇది? సీరకి లాండ్రీ గుర్తేటి? మనింట్లో సీరలు కూడా తప్పిపోతన్నాయా?"

చూశాను. కొంగు చివర, లోపలివైపు, చిలకపచ్చ దారంతో రెండు కుట్లు. ఒకదాని మీద ఒకటి అడ్డంగా. చిటికెనవేలి గోరంత ఉంటాయి. నాకు చటుక్కున అర్థమైంది. అర్థమయ్యాక ఆయన చేతిలోంచి కొంగు లాక్కున్నాను.

"విప్పకండి."

"విప్పను గాని, ఏటది?"

"నేను తప్పిపోకుండా" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూసి టీవీ దగ్గరికి వెళ్ళిపోయారు. నేను ఎప్పుడూ ఇలాగే మాట్లాడతానని ఆయన లెక్క. నేను ఏది చెప్పినా సగానికి సగం తీసేసి నమ్మడం ఆయనకు అలవాటు. ఆ రోజు చెప్పింది మాత్రం అచ్చంగా నిజం.

రాజాంలో మాది ఫ్యాన్సీ షాపు. లేసులు, గుండీలు, ఫాల్స్, రిబ్బన్లు, దారపు రీళ్ళు అమ్ముతాం. ఊరు దాటి కొద్ది దూరం వెళ్తే ఆడపిల్లల హోమ్ ఒకటుంది. అమ్మా నాన్నా లేనివాళ్ళు, ఎవరో ఒకరుండీ లేనట్టే అయినవాళ్ళు అక్కడ ఉంటారు. పలక పట్టుకునే పిల్లల దగ్గర్నుంచి పదో తరగతి దాకా. వాళ్ళ బట్టలన్నీ ఒకే తానులోంచి కోసినవి. ఒకే సబ్బు, ఒకే నూనె, ఒకే రకం దువ్వెన. ఉతికి దండేనికి వేస్తే ఏది ఎవరిదో కుట్టినవాడికీ తెలియదు. అందుకని అక్కడ ఎప్పటినుంచో ఒక పద్ధతి ఉంది. ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క రంగు దారం. తనదైన ప్రతి బట్టకూ లోపలి అంచున ఆ రంగుతో రెండు కుట్లు వేసుకుంటుంది. ఆ గుర్తున్నది ఇంకెవరూ ముట్టకూడదు. అన్నంలో వాటా అడిగితే ఇస్తారు, పక్కలో చోటు అడిగితే ఇస్తారు, గుర్తున్న తువ్వాలు వాడుకుంటే మాత్రం జుట్టు పట్టుకుంటారు. అంత పెద్ద హోమ్‌లో 'నాది' అని చెప్పుకోవడానికి వాళ్ళకున్నది ఆ రెండు కుట్లే.

దారాలు మా షాపువి. ఓసారి రిబ్బన్లూ దారాలూ ఇచ్చి వద్దామని వెళ్ళి వానకు చిక్కుకుపోయాను. వరండా మెట్టు మీద కూర్చున్నాను. చుట్టూ పిల్లలు. ఊరికే కూర్చోవడం నాకు పుట్టుకతో రాదు. మా అమ్మమ్మ గేదె కథ ఎత్తుకున్నాను.

మా అమ్మమ్మ గేదె కొత్తవలసలో ఫ్లైఓవర్ మీద నిలబడి నెమరువేస్తూ, కిరండూల్ వెళ్ళే ఖాళీ గూడ్సుబండి కిందనుంచి పోతుంటే అందులోకి దూకేసింది. అరకులో దిగింది. వారంపాటు కాఫీతోటలు మేసింది. తిరుగుబండికి ఇంటికొచ్చింది. ఆ రోజునుంచి పాలు పితికితే కాఫీయే. పొగలు కక్కుతూ. పంచదార వేసుకోవడమొక్కటే మిగిలిన పని. ఊరు ఊరంతా తెల్లారకముందే గ్లాసులు పట్టుకుని మా కొట్టాం ముందు వరుస కట్టేవారు.

పిల్లలు పడీపడీ నవ్వారు. ఒక్క పిల్ల నవ్వలేదు. పద్నాలుగేళ్ళుంటాయేమో. సన్నగా, వెదురుకర్రలా ఉంది. కళ్ళు మాత్రం కోర్టులో లాయరుకుండేవి.

"ఆంటీ, అరకులో దిగడానికి పెట్టె తలుపెవులు తీసినారు?"

"స్టేషన్ మాస్టారు."

"గూడ్సుబండి అక్కడ ఆగుతాదా?"

"గేదె గొలుసు లాగింది."

"గూడ్సుబండికి గొలుసుండదు."

"దాని మెళ్ళో గొలుసే" అన్నాను.

ఆ పిల్ల కాసేపు ఆలోచించి తల ఊపింది. పాస్ చేసినట్టు. పుట్టి బుద్ధెరిగాక నా కోతలను అంత శ్రద్ధగా విన్న మనిషిని నేను చూడలేదు.

అది మొదలు, ఆదివారం మధ్యాహ్నాలు నావి. ఆ వేళకు వాళ్ళు ఆరిన బట్టలు ముందేసుకుని చిరుగులు కుట్టుకుంటూ, ఊడిన గుర్తులు మళ్ళీ వేసుకుంటూ కూర్చుంటారు. నేను మెట్టు మీద. ఆ పిల్ల నాకు వెనక, పై మెట్టు మీద, ఎడమవైపు. అందరికీ నేను ఆంటీని. ఆ పిల్లకు రెండో వారానికే అత్తనయ్యాను. గాలివానకు మా అత్తగారు బియ్యంబస్తా మీద కూర్చుని ఎగిరిపోయి పర్లాకిమిడిలో దిగి, ఒరియా నేర్చుకుని తిరిగొచ్చిన కథ చెప్పిన రోజున, మధ్యలో వెనకనుంచి నా భుజం తట్టి, "అత్తా, ముందువారం మీ అత్తకి మోకాళ్ళ నొప్పులన్నావు. బస్తా మీద మఠం ఎలగేసినాది?" అని అడిగింది. నా అబద్ధాలకు అబద్ధాలే సాక్ష్యం చెప్పేలా చూసుకునే పని ఆ పిల్ల తనంతట తానే పెట్టుకుంది. అలా వెనక కూర్చునే, ఎప్పుడో, చేతిలో ఉన్న సూదితోనే నా కొంగుకు గుర్తు కుట్టేసింది.

మాకు ఇద్దరు కొడుకులు. మంచివాళ్ళే. తింటారు, షాపు చూస్తారు, ఫోన్లు చూసుకుంటారు. నన్ను పక్కింటావిడ తీసుకుపోయినా సాయంత్రం టిఫిను వేళకే గమనిస్తారు. నా కోసం ఎవరైనా కుళ్ళుకోవడమన్నది నా సంసారంలో ఎప్పుడూ జరగలేదు. ఆ పచ్చ కుట్లు చూసుకున్నాక వారంపాటు షాపులో కొలత మీద జానెడు లేసు ఎక్కువే కోసిచ్చాను.

ఆ పిల్ల కుళ్ళు మామూలుది కాదు. నేను కథ చెప్తూ ఎవరివైపు ఎక్కువసేపు చూశానో వెనకనుంచే కనిపెట్టేది. ఎవరికైనా జ్వరం తగ్గిందా అని అడిగితే, "దానికి ఎప్పుడో తగ్గిపోనాది. నాకు మొన్న తలనొప్పొచ్చినాది. నువ్వడగలేదు" అనేది. చిన్నపిల్లెవరైనా నా ఒళ్ళో తల పెడితే, "లెగే, అత్త సీర నలిగిపోతాది" అని చెయ్యి పట్టి లేపేది.

హోమ్ చూసుకునే మేడం పెద్దావిడ. ఎవరి మీదా గొంతు లేవదు. ఒకరోజు టీ ఇస్తూ అన్నారు. "అమ్మా, కథలు చెప్పండి గాని, ఒక్కరికే మరీ దగ్గరవ్వకండి. మీరు ఆదివారం వచ్చి వెళ్ళిపోతారు. సోమవారం మాకుంటాది."

"దానికి నేనంటే ఇష్టమండీ."

"అదే చెప్తన్నాను. దాని నాయనమ్మ కోతలయ్యాక వస్తానని చెప్పి ఇక్కడ దింపేసింది. ఆ కోతలు ఇప్పటికీ అవ్వలేదు. ఆ పిల్ల ఎవరినీ ఊరికే పట్టుకోదు. పట్టుకుంటే వదలదు."

నేను తల ఊపాను. లోపల మాత్రం 'వదలదు' అన్న మాటే తిరిగి తిరిగి వినబడింది. తియ్యగా.

తర్వాతి వర్షాకాలంలో ఒక కొత్తపిల్ల వచ్చింది. పన్నెండేళ్ళది. బొద్దుగా, బుగ్గలు బూరెల్లా. దానికి ఎర్రదారం ఇచ్చారు. మొదటి రోజే నా చెయ్యి పట్టుకుని "అమ్మా" అంది. మేడంని అమ్మా అంది. వంటావిడను అమ్మా అంది. గ్యాసుబండ తెచ్చిన అబ్బాయిని మాత్రం నాన్నా అంది. నేను కథ మొదలుపెట్టకముందే నవ్వేది. 'అనగనగా' అంటే నవ్వు. 'మా తాతయ్య' అంటే పొట్ట పట్టుకుని నవ్వు. కోతలు కోసేవాళ్ళకు నవ్వేవాళ్ళు కనబడితే ఇంకేం కనబడుతుంది? తెలియకుండానే నా ముఖం అటు తిరిగిపోయింది. వెనకనుంచి ప్రశ్నలు తగ్గిపోయాయి.

ఒక ఆదివారం కథ మధ్యలో కొంగు బిగిసినట్టయింది. వెనక్కి తిరిగి చూశాను. కొంగు కుడిమూల ఎర్రటి రెండు కుట్లు. పచ్చదారం పిల్ల దాన్ని పళ్ళతో తెంపుతోంది.

"ఏటే అది?" అన్నాను.

"నీ సీరకేటో అంటుకున్నాది అత్తా. తీస్తన్నాను."

బొద్దుపిల్ల గబగబా పైమెట్టెక్కింది. "అది నాది! నాను కుట్టినాను! అమ్మకి నాను కుట్టుకున్నాను!"

"అమ్మేటే నీకు? నీకు అందరూ అమ్మలే. పోయి గ్యాసుబండకి కుట్టుకో!"

"నీకు అత్తైతే నాకు అమ్మే! అమ్మే ఎక్కువ!"

"ఓసి దొంగముఖమా!"

ఒకతె ఇటు లాగింది, ఒకతె అటు లాగింది. మధ్యలో ఎవరి చేతిలోనో కత్తెర. 'చర్' మని కొంగు మూల తెగింది. ఎర్రగుర్తుతో సహా ఆ ముక్క బొద్దుపిల్ల గుప్పిట్లో ఉండిపోయింది. అది నోరు తెరిచి ఏడుపు లంకించుకుంది. పచ్చదారం పిల్ల ఏడవలేదు. నా వంక చూసింది. నేను ఎవరిని దగ్గరికి తీసుకుంటానో అని చూసింది.

నేను ఏడుస్తున్నదాన్ని తీసుకున్నాను. ఎవరైనా ఏడుస్తున్నదాన్నే తీసుకుంటారు. ఆ పిల్ల మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మేడం ఇద్దరినీ కలిపి కూరగాయల గదికి పంపించారు, చిక్కుడుకాయలు వలవమని. నా వైపు తిరిగి, "ఒకతి ఒక్కరినే పట్టుకుంటాది. ఇంకొకతి దొరికినవాళ్ళందరినీ పట్టుకుంటాది. భయం మాత్రం ఇద్దరిదీ ఒకటే తల్లీ" అన్నారు.

తర్వాతి ఆదివారం నా వెనక మెట్టు ఖాళీగా ఉంది. పచ్చదారం పిల్ల దూరంగా, నీళ్ళ ట్యాంకు గట్టు మీద, అటు తిరిగి కూర్చుంది. ఒంటరిగా గౌను కుట్టుకుంటోంది.

"ఇటు రాయే" అని కేకేశాను.

"నవ్వేటోలున్నారు కదా. సెప్పుకో."

చెప్పాను. ట్యాంకు దాకా వినబడాలని గొంతు పెంచాను. ఇంకా పెంచాను. రోడ్డు మీద పోతున్న ఆటోలవాళ్ళు ఆపి విన్నారు. బొద్దుపిల్ల నవ్వింది. ఎవరూ ఏమీ అడగలేదు. అడిగేవాళ్ళు లేకపోతే అబద్ధం ఎంత చప్పగా ఉంటుందో ఆ రోజు తెలిసింది. ఉప్పులేని గంజిలా ఉంది.

పోనీ, అలిగింది, వారమో రెండు వారాలో చూసి వస్తుంది అనుకున్నాను. ఈలోపు కుట్టుటీచరు దిగబడింది.

విజయనగరం నుంచి బదిలీ అయిన వాళ్ళాయనతో రాజాం వచ్చిందట. స్కూటీ మీద వచ్చేది. పాతికేళ్ళు దాటి ఉంటాయేమో. చున్నీ గాలికి ఎగిరినా ఆవిడ ముఖంలో చిరాకు కనబడేది కాదు. పెద్దపిల్లలకు మిషను మీద జాకెట్లు, డ్రెస్సులు కుట్టడం నేర్పడానికి వచ్చేది. మిషన్ల గది వరండాకు ఆ చివర. నేను ఇక్కడ కథ చెప్తుంటే అక్కడ టకటకమని మిషను నడిచేది. ఆ టకటక ఎవరిదో నాకు తెలుసు. ఆదివారం కూడా మిషనేమిటి? సెలవుండక్కర్లేదా? ఆ టీచరు ఆదివారం కూడా వచ్చేది. అడగకుండానే.

ఓరోజు మెట్ల పక్కనే స్కూటీ తీయబోతూ, చున్నీ చక్రంలో పడకుండా నడుముకు చుట్టుకుంటోంది. నేను మెట్టు మీదనుంచి చూస్తున్నాను. చున్నీ అంచున, లోపలివైపు, చిలకపచ్చ రంగు. రెండు కుట్లు.

నా ఒళ్ళంతా మిరపకాయలు నూరి పూసినట్టయింది. ఆ దారం మా షాపుది! రీలు నా చేత్తో ఇచ్చినది!

ఇంటికొచ్చి మా ఆయనతో అన్నాను. "ఆ టీచరు నడక చూశారా? స్కూటీ దిగితే బాతు నడిచినట్టుంటుంది."

"ఏ టీచరు?"

"కుట్టుపని చెప్పే టీచరు. కాజాలు కూడా సరిగ్గా రావట. పిల్లల్ని చెడగొట్టేస్తుంది."

"నువ్వు సూసినావా కాజాలు?"

"చూడక్కర్లేదు. చున్నీ చూస్తే తెలిసిపోతుంది."

ఆయన చాలాసేపు నవ్వుకున్నారు. "ఒసే, ఈ వయసులో నీకు సవతి దొరికిందే. అదీ నా వైపునుంచి కాదు."

తర్వాతి ఆదివారం కొత్త కథ అల్లుకుని వెళ్ళాను. అనగనగా ఒక కుట్టుటీచరు ఉండేది. ఊళ్ళో అందరికీ కుట్టేశాక కుట్టడానికి మనుషులు మిగలక తన నీడకే జాకెట్టు కుట్టింది. పొద్దున్నే కొలత తీసింది, పొడుగాటి నీడ, పొడుగాటి జాకెట్టు. మధ్యాహ్నానికి నీడ కాళ్ళ కిందికి ముడుచుకుపోయి జాకెట్టు వదులై జారిపోయింది. సిగ్గుతో నీడ చెట్టు వెనక దాక్కుంది. సరే అని మధ్యాహ్నం కొలతకు మళ్ళీ కుట్టింది. సాయంత్రానికి నీడ సాగి, పటపటమని కుట్లన్నీ తెగిపోయాయి. చివరికి ఆ నీడ విసిగిపోయి, టీచరును వదిలేసి, పక్కఊరి దర్జీ దగ్గర చేరిపోయింది. అప్పటినుంచి ఆవిడ స్కూటీ మీద నీడ లేకుండా తిరుగుతుంది.

పిల్లలు నేల మీద దొర్లారు. అందరికంటే గట్టి నవ్వు తలుపు దగ్గరనుంచి వచ్చింది. టీచరు. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "బలే ఉన్నాదండీ ఆంటీ, మా ఇంట్లో చెప్పుకుంటాను" అంది. కోపమైనా తెచ్చుకోలేదు. అదొక మంట.

టీచరు వెనక పచ్చదారం పిల్ల నిలబడి ఉంది. నవ్వలేదు. ఎన్నో వారాల తర్వాత నా దగ్గరికి వచ్చింది.

"అబద్ధాలైతే సెప్పు అత్తా, బాగుంటాయి. కుళ్ళు సెప్పకు" అని లోపలికి వెళ్ళిపోయింది.

అలా వేసవి వచ్చింది. పదో తరగతి ఫలితాలు వచ్చాయి. ఆ పిల్ల బాగానే పాసైంది. విజయనగరంలో అమ్మాయిల పాలిటెక్నిక్‌లో బట్టల తయారీ డిప్లొమాకు సీటొచ్చింది. హాస్టలు కూడా. అంతా టీచరే దగ్గరుండి చూసుకుంది. హోమ్‌లో అందరికీ స్వీట్లు పంచారు. చేరవలసిన రోజులు దగ్గరపడ్డాక, ఒక పొద్దున మేడం షాపుకు ఫోను చేశారు.

"అమ్మా, ఒకసారి రండి. వెళ్ళనంటంది."

"టీచరు చెప్పలేదా?" అన్నాను. గొంతులో ఉన్నదేమిటో ఆవిడకు తెలిసే ఉంటుంది.

"చెప్పింది. ఏడ్చింది కూడా. పిల్ల వినట్లేదు. ఈ సీటు పోతే మళ్ళీ రాదమ్మా. పద్దెనిమిది నిండితే ఇక్కడా ఉంచలేం. చేతిలో పనిలేకుండా ఎక్కడికి పంపేది? మీ మాట వింటాదేమో చూడండి."

వెళ్ళాను. డాబా మీద ఉంది, ఎండిన బట్టలు దండెం మీంచి తీస్తూ. నేనూ ఒక కొస పట్టుకున్నాను. దుప్పటి మడతపెట్టాం. ఇంకో దుప్పటి మడతపెట్టాం.

"ఎల్లనంటన్నావట?"

"ఎల్లను."

"కుట్టుపనంటే ఇష్టమే కదే."

"ఇష్టమే."

"మీ టీచరు కూడా..."

"టీచరు మంచిదే."

"మరేటి?"

దుప్పటి అంచులు కలుపుతూ, నా వైపు చూడకుండా అంది. "నానెల్లిపోతే నీ వెనకాల ఎవులు కూకుంటారు?"

నా కొస తీసుకెళ్ళి దాని చేతిలో పెట్టాను.

"ఆ ఎర్రదారం గుంటే కదా. నాను ట్యాంకు కాడ కూకుంటే అక్కడినుంచైనా సూసుకుందును. విజయనగరం నుంచి ఏటి కనబడతాది?"

అంటే అన్ని ఆదివారాలూ అటు తిరిగి కూర్చుని నన్ను కాపలా కాసిందన్నమాట! మిషను గదిలోంచి కూడా! నా కడుపు నిండిపోయింది. పెళ్ళిలో కూడా నేను అంత ముఖ్యమైన మనిషిని కాను. టీచరు ఏడ్చినా వెళ్ళని పిల్ల నా వెనక మెట్టు కోసం ఆగిపోతోంది. 'పోనీ ఉండిపోవే' అన్న మాట పెదవుల దాకా వచ్చింది. నిజం చెప్తున్నాను, పళ్ళ మధ్య పట్టి ఆపాను.

"ఒక పని సెయ్యి" అంది. "నానెల్లినాక ఇక్కడ కథలు సెప్పనని ఒట్టెయ్యి. అప్పుడెల్తాను."

అబద్ధం చెప్పడం నాకు ఊపిరి తీసినంత తేలిక. ఒట్టేస్తే అయిపోయేది. రేప్పొద్దున బస్సెక్కేసేది. కానీ నా గేదెనూ, నా గాలివాననూ ఎక్కడా సడలకుండా కాపాడుకొచ్చినది ఈ పిల్ల. అలాంటిదాని చేతిలో ఇంత నాసిరకం అబద్ధం పెట్టడానికి మనసొప్పలేదు.

"సెప్తాను" అన్నాను. "ఆదివారం వస్తాను, కూకుంటాను, సెప్తాను. అది నవ్వుతాది. నాకు బాగుంటాది."

ముఖం మాడిపోయింది. "మరి నాకో?"

"నీకు కుళ్ళొస్తాది."

"వస్తాది. బాగా వస్తాది."

"రానీ. నాకు రాలేదేటి?"

చేతిలో దుప్పటి ఆగింది. "నీకా? ఎవులి మీద?"

"ఎవులి మీదా? ఆ స్కూటీ మీద. ఆ సున్నీ మీద. నువ్వు దానికి కుట్టిన గుర్తు సూసిన రోజున ఇంటికెల్లి వంకాయకూరలో ఉప్పేసినాను. మళ్ళీ వేసినాను. మళ్ళీ వేసినాను. మీ మావ ఒక ముద్ద తిని, సముద్రం రాజాందాకా వచ్చీసిందనుకుని అటకెక్కీసినారు."

"అబద్ధం."

"అటక అబద్ధం. ఉప్పు నిజం."

ఆ పిల్ల నన్ను తేరిపారా చూసింది, ఎక్కడైనా పగులుందేమో అని. దొరకలేదు. అప్పుడు నవ్వింది. అన్నాళ్ళలో మొదటిసారి. పై పన్ను ఒకటి కొద్దిగా పక్కకుందని నాకు అప్పుడే తెలిసింది.

"ఎక్కడొచ్చినాది అత్తా? కడుపులోనా, గుండెల్లోనా?"

"ఇక్కడ" అని గొంతుకింద చూపించాను. "బఠాణీ అడ్డుపడినట్టు."

"నాకూ అక్కడే! నిద్దరట్టిందా?"

"ఎక్కడ పడతాది?"

"టీచర్నేటన్నావు?"

"బాతు నడకన్నాను."

"ఓలమ్మ!" అని పిట్టగోడకు ఆనుకుని నవ్వింది. "ఇంకా? ఇంకా ఏటన్నావు?" అని గుచ్చిగుచ్చి అడిగింది. పూసగుచ్చినట్టు అన్నీ చెప్పించుకుంది. కాజాల సంగతి, చున్నీ సంగతి, మా ఆయన సవతి అన్న సంగతి. పండగనాడు తలంటి పోసుకున్న పిల్లలా మెరిసిపోయింది. తనకోసం ఒక పెద్దమనిషి అన్నం సహించక కుళ్ళిపోయిందన్న మాట దానికెంత బలమిచ్చిందో! దుప్పట్లన్నీ తనే మడతపెట్టింది. నన్ను ముట్టనివ్వలేదు.

"అయితే నానెల్లినా నీకు ఇలగే వస్తాదా?"

"అక్కడ నీకెవరో ఒకరు దొరుకుతారు. నాకు వస్తాది."

"రావాలి" అంది గట్టిగా. అలా ఒప్పందమైంది.

వెళ్ళేరోజున పెట్టె గేటు దగ్గర పెట్టి, బొద్దుపిల్లను చెయ్యి పట్టి లాక్కొచ్చి నా వెనక మెట్టు మీద కూర్చోబెట్టింది. "ఇక్కడ కూకో. ఊరికే ఇకిలించకు. అత్త తప్పు సెప్తే అడగాల. అడక్కపోతే అత్తకి బద్ధకమొచ్చీస్తాది. తెలిసిందా?"

"ఏటడగాలి?" అంది అది బెదిరిపోయి.

"బుర్ర పెట్టి విను. అదే వస్తాది."

టీచరు స్కూటీ మీద బస్టాండు దాకా తీసుకెళ్ళింది. పిల్ల వెనక కూర్చుని టీచరు నడుం చుట్టూ చెయ్యి వేసింది. నాకేసి చూసి, మరీ గట్టిగా వేసింది. నా గొంతులో బఠాణీ అలాగే ఉంది.

నెల దాటాక ఒక రెండో శనివారం విజయనగరం వెళ్ళాను. ఆర్టీసీ కాంప్లెక్సు బస్టాండులో దిగి ఆటో ఎక్కి, సున్నుండల డబ్బా ఒళ్ళో పెట్టుకుని, దారంతా ఒక కొత్త కథ సానపట్టుకుంటూ వెళ్ళాను. హాస్టలు ముందు సిమెంటు బెంచీ మీద కూర్చోమన్నారు. వచ్చింది. జడ మార్చింది. ఒళ్ళు కొద్దిగా చేసింది. పక్కనే ఇంకో పిల్ల, చెయ్యిలో చెయ్యి. కొత్తవలసనుంచి వచ్చిందట.

"మా అత్త" అంది ఆ పిల్లతో. "నా ఫ్రెండు" అంది నాతో. ఇద్దరూ సున్నుండ చెరిసగం చేసుకున్నారు. ఒక డబ్బా నిండా ఉండగా సగం ఎందుకు? ఒకరి చెవిలో ఒకరు ఏదో అనుకుని కిసుక్కుమన్నారు.

"ఏటే అది?" అన్నాను.

"ఏటీ లేదత్తా."

నేను గొంతు సవరించుకున్నాను. కథకు వేళైందని. ఈలోపు ఆ ఫ్రెండు అడిగింది. "ఆంటీ, రాజాం నుంచి బస్సులోనా వచ్చారు?"

"బస్సేటి!" అంది మా పిల్ల, నేను నోరు తెరిచేలోపే. "మా అత్త షాపులో రిబ్బను కొలుస్తాది కదా. మాటల్లో పడితే ఆపదు. మొన్నొకావిడ మీటరడిగితే, మాట్లాడతా కొలుస్తా, మాట్లాడతా కొలుస్తా, రిబ్బను షాపు దాటి, ఊరు దాటి, సీపురుపల్లి మీదగా ఇక్కడికొచ్చీసినాది. ఇప్పుడు డ్రైవర్లు స్టీరింగు ముట్టుకోరు. రిబ్బను పట్టుకుని వచ్చీస్తారు."

ఆ ఫ్రెండు పగలబడి నవ్వింది. నవ్వి, కళ్ళు చిన్నవి చేసి అడిగింది. "దారిలో రైలుగేటు పడితే?"

నా దగ్గర జవాబుంది. బ్రహ్మాండమైన జవాబు. నోట్లోకి వచ్చేసింది కూడా.

"గేటుమేను ముడేస్తాడు" అంది మా పిల్ల తడుముకోకుండా. "బండి ఎల్లినాక ఇప్పుతాడు."

నా జవాబుకంటే బాగుంది. నన్నెవరూ అడగలేదు. మా పిల్ల నావైపు చూడటం లేదు. నవ్వేవాళ్ళవైపే చూస్తోంది, చేతులు తిప్పుతూ, కనుబొమలు ఎగరేస్తూ. ఆ ఫ్రెండు దాని భుజం మీద పడి నవ్వుతుంటే, ముఖం దీపంలా ఉంది. బఠాణీ కాదు, ఈసారి నాకు గొంతులో సున్నుండే అడ్డం పడింది. నేను తెచ్చిన కథ ఒళ్ళో పెట్టుకుని, నా వంతు వస్తుందేమోనని చూస్తూ కూర్చున్నాను. రిబ్బను పార్వతీపురం దాకా వెళ్ళింది. ఒడిశా దాటింది. నా వంతు రాలేదు. బస్సుకు టైమైపోయింది.